త్వరితముగా బరువు తగ్గుట: మేలెంత, కీడెంత
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



"లంఖణము పరమౌషధ"మను మాట తెలుగు పల్లెలలో తరతరములుగా వినవచ్చుచున్నది. అజీర్ణము చేసినపుడు, జ్వరము తగిలినపుడు ఒకటి రెండు పూటలు కడుపునకు విశ్రాంతి నిచ్చుటయే ఆ మాటకు తాత్పర్యము. నెలల తరబడి పస్తుండి దేహమును కృశింపజేయుమని పెద్దలెన్నడును చెప్పియుండలేదు. కాని నేడు ఆ నానుడికి క్రొత్త అర్థము కల్పింపబడుచున్నది. "పది దినములలో పది కిలోలు", "పథ్యము లేదు, శ్రమ లేదు, ఒక్క మాత్ర చాలును" అను ప్రకటనలు చేతి ఫోనుల ద్వారా ఇంటింటికి చేరుచున్నవి. పెండ్లి కుదిరిన పడుచు, ప్రసవము తరువాత బరువెక్కిన తల్లి, మోకాళ్ల నొప్పిచే బాధపడు రైతు, మధుమేహమునకు మందు వాడుచున్న గృహస్థు, ఈ నలుగురును వానిని చదువువారే. ఇట్టి పథ్యముల వలనను, మాత్రల వలనను ఎవరికి మేలు, ఎవరికి కీడు అనునదియే నేటి విషయము.

మొదట ఒక సంగతి స్పష్టము కావలెను. ఇది కేవలము అందమునకు సంబంధించిన ప్రశ్న కాదు. నడుము చుట్టును పేరుకొన్న కొవ్వు మధుమేహమునకు, రక్తపోటునకు, గుండెజబ్బునకు దారి తీయును. కీళ్లపై భారము మోపును. భారతీయుల దేహమునందు ఈ కీడు ఇతర దేశములవారికన్న తక్కువ బరువుననే ఆరంభమగును. అందుచేతనే నడుము కొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని వైద్యులు హద్దు నిర్ణయించిరి. ఆ హద్దు దాటినవారు తమ బరువులో నూటికి ఐదు మొదలు పది పాళ్లు తగ్గించుకొన్నను రక్తపోటు, రక్తములోని చక్కెర సాధారణముగా కొంత దిగివచ్చును. 80 కిలోల మనిషికి అది నాలుగు మొదలు ఎనిమిది కిలోలు మాత్రమే. కావున బరువు తగ్గవలెనను కోరికను ఎవ్వరును పరిహసింపరాదు. విచారింపవలసినది మార్గమును గూర్చియే.

ప్రకటనలు చెప్పు లెక్క ఎంతవరకు నిజమో చూడవలెను. ఒక కిలో దేహపు కొవ్వునందు సుమారు 7,700 క్యాలరీల శక్తి నిలువయుండును. సామాన్యమైన పనిపాటలు చేయు ఒక మనిషికి దినమునకు 2,000 క్యాలరీలు కావలసియుండిన, అతడు దినమంతయు మంచినీరు తప్ప మరేమియు ముట్టకున్నను కరగగల కొవ్వు 260 గ్రాములకు మించదు. పది దినములు నిరాహారముగా నున్నను అది రెండు కిలోల ఆరువందల గ్రాములే. మరి పది కిలోల మాట ఎక్కడిది? త్రాసుమీద అంత తగ్గినట్లు కనబడినచో, ఆ తక్కిన బరువు కొవ్వు కాదు, నీరు, కండ.

దీనికి కారణము కలదు. కాలేయమునందును, కండరములయందును గ్లైకోజెన్ అను పిండిపదార్థము నిలువయుండును. దాని ఒక్కొక్క గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. అన్నము మానివేసిన మొదటి వారమున ఆ నిలువ ఖర్చయి, దానితోకూడ నీరు వెడలిపోవును. రెండు మూడు కిలోలు తగ్గినవని మనిషి సంతసించును. మరల అన్నము తినుట మొదలిడినంతనే ఆ నీరు తిరిగి చేరును. 2018 ప్రాంతమున తెలుగునాట ఊరూర వ్యాపించిన, అన్నము పూర్తిగా మాని నూనెలు త్రాగు పథ్యమునందు మొదటి వారములోనే కనబడిన అద్భుతమునకు చాలవరకు కారణమిదియే. తడి ధాన్యమును కళ్లమున ఆరబోసినచో బస్తా బరువు తగ్గును. గింజలు తగ్గినవని ఏ రైతును అనుకొనడు. కండ విషయము ఇంతకన్న గురుతరమైనది. ఆహారమున మాంసకృత్తులు చాలనపుడు దేహము తన కండను తానే కరగించుకొనును. గుండెయు కండయే యని మరువరాదు.

ఇక చరిత్రలోనికి పోయినచో, పథ్యముచే బరువు తగ్గిన విధమును పుస్తకముగా వ్రాసి లోకప్రసిద్ధి పొందినవాడు ఒక వైద్యుడు కాడు. లండను నగరమున అంత్యక్రియల ఏర్పాట్లు చేయు వృత్తిలోనుండిన విలియం బాంటింగ్ అను గృహస్థు. అతని ఎత్తు 5 అడుగుల 5 అంగుళములు. బరువు 202 పౌండ్లు, అనగా సుమారు 92 కిలోలు. వంగి పాదరక్షల ముడి వేసుకొనజాలక, మెట్లు వెనుకకు తిరిగి దిగుచు అతడు బాధపడెను. 1862లో చెవుడు కారణముగా విలియం హార్వీ అను వైద్యుని యొద్దకు పోగా, ఆ వైద్యుడు స్థౌల్యమే మూలమని గ్రహించి రొట్టె, పంచదార, బంగాళాదుంప, బీరు, పాలు, వెన్న మాన్పించెను. సుమారు ఒక సంవత్సరమున బాంటింగ్ 46 పౌండ్లు, అనగా 21 కిలోలు తగ్గెను. 1863లో తన అనుభవమును చిన్న పుస్తకముగా స్వంత ఖర్చుతో అచ్చొత్తించి ఉచితముగా పంచిపెట్టెను. అటుపై 1878 వరకు జీవించి, 81వ యేట మరణించెను. అతని పథ్యమందలి ప్రతి అంశమును నేటి వైద్యులు ఒప్పుకొనకపోవచ్చును. కాని అతడు తగ్గినది సగటున వారమునకు అరకిలోకన్న తక్కువ. వైద్యుని సలహాపై తగ్గెను. పైగా లోకమునకు అమ్ముటకు అతనియొద్ద ఏ మాత్రయు లేదు.

అమ్మువారు తరువాతి కాలమున వచ్చిరి. వారి చరిత్రలో మొదట చెప్పుకొనదగినది డైనైట్రోఫినాల్ అను పసుపు పొడి కథ. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సు దేశపు మందుగుండు కర్మాగారములలో దీనిని వాడు కూలీలు చిక్కిపోవుచు, జ్వరపడి, కొందరు మరణించుటయు జరిగెను. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు బరువు తగ్గించుటకు ఇది పనిచేయునని ప్రకటించిరి. ఏడాది తిరుగకమునుపే ఆ దేశమున సుమారు లక్షమంది దానిని వాడిరని అంచనా. బరువు నిజముగనే తగ్గెను. కాని కొందరికి కన్నులలో శుక్లములు పట్టెను. కొందరు విపరీతమైన దేహతాపముచే మరణించిరి. 1938లో అమెరికా ప్రభుత్వము క్రొత్త శాసనము చేసిన పిమ్మట అది అంగళ్లనుండి తొలగింపబడెను.

ఆ పొడి పని చేయు విధమును తెలియుటకు ఒక తెలుగువాని పరిశోధన తోడ్పడుట గర్వింపదగిన విషయము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేయుచు, 1929లో కండరములయందు ఏ.టి.పి. అను పదార్థమును కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడు కూడ దానిని కనుగొనెను. ఆహారము దహింపబడునపుడు వెలువడు శక్తిని దేహము ఏ.టి.పి. రూపమున పట్టుకొని తన పనులకు వినియోగించుకొనును. డైనైట్రోఫినాల్ ఆ ఏ.టి.పి. తయారు కాకుండ చేయును. బియ్యపు మరలో ఇంజనుకును యంత్రమునకును నడుమనున్న బెల్టు ఊడదీసినట్లు, ఇంజను ఆడుచునే యుండును, నూనె ఖర్చగుచునే యుండును, ధాన్యము మాత్రము దంపబడదు. శక్తి అంతయు వేడిగా మారును. మోతాదు కొంచెము మించిన దేహము లోలోపలనే కాగిపోవును. దీనికి విరుగుడు మందు లేదు. ఇంతటి విషమును ఇంటర్నెట్ ద్వారా రహస్యముగా అమ్ముటచే ఇటీవలి కాలమున కూడ బ్రిటన్‌లో మరణములు సంభవించినవి. 2023లో ఆ దేశము దీనిని నియంత్రిత విషముల పట్టికలో చేర్చెను.

ఈ కథ ఒక్కమారుతో ముగిసియుండిన చెప్పుకొనవలసిన పని లేకపోయెడిది. 1976, 1977 సంవత్సరములలో అమెరికాలో పశువుల చర్మము మొదలగువానినుండి తీసిన మాంసకృత్తు ద్రవమును మాత్రమే త్రాగి జీవించు పథ్యము ప్రబలెను. దానిని పాటించినవారిలో సుమారు 60 మంది మరణములు విచారణకు వచ్చినవి. చాలమందికి గుండె లయ తప్పియుండెను. 1997లో మేయో క్లినిక్ వైద్యులు, ఆకలి చంపుటకు ఫెన్‌ఫ్లూరమైన్, ఫెంటర్మైన్ అను రెండు మందులను కలిపి వాడిన 24 మంది స్త్రీలకు గుండె కవాటములు చెడినట్లు వెల్లడించిరి. ఆ యేడే ఫెన్‌ఫ్లూరమైన్ విక్రయము నిలిపివేయబడెను. తరువాత వచ్చిన సిబుట్రమైన్ అను మందు గుండెపోటును, పక్షవాతమును హెచ్చించుచున్నదని తెలిసి 2010లో ఐరోపా, అమెరికాలలో ఉపసంహరింపబడెను. 2011లో భారత ప్రభుత్వము దానిని నిషేధించెను. ప్రతిమారును జరిగినదొక్కటే. మొదట ఆశ్చర్యము, పిమ్మట అమ్మకము, చివరకు విచారణ. విచారణ వచ్చునప్పటికి మందు మ్రింగినవారు మ్రింగియే యుండిరి.

నిషేధింపబడినంత మాత్రమున సిబుట్రమైన్ లోకమును విడిచిపోలేదు. "శుద్ధమైన మూలికలు" అని పైన ముద్రించిన మాత్రలను, పొడులను, కాఫీ పొట్లములను పరీక్షించినపుడు లోపల ఈ మందే దాగియుండుటను అనేక దేశముల అధికారులు పలుమారులు కనుగొనిరి. "మూలికే కదా, కీడేమి?" అను మాట ఇచ్చట చెల్లదు. నిజముగా మూలికయే అయినను నిర్భయము కాదు. 2009లో అమెరికా ఆహార ఔషధ పరిపాలన సంస్థ ఒక పేరుమోసిన కృశీకరణ మాత్ర విషయమై ప్రజలను హెచ్చరించెను. ఆ సంస్థకు చేరిన నివేదికలలో 23 మందికి తీవ్రమైన కాలేయబాధ కలిగియుండెను. వారిలో ఒకరు మరణించిరి. కేరళీయులు చేపల కూరలో పులుపునకు వాడు కొడంపులి ఇంటివంటకములో ఆహారమే. దానిసారమును గాఢముగా చేసి మాత్రలుగా మ్రింగినపుడు కొందరి కాలేయము చెడినది. గ్రీన్ టీ త్రాగుట వేరు, దాని గాఢసారమును మాత్రలుగా మ్రింగుట వేరు. కూరలోని పదార్థమును చూచి మాత్రను నమ్మరాదు.

ఇట్లు చెప్పుటచే శీఘ్రముగా తగ్గుట యెల్ల దోషమని భావించుటయు పొరపాటే. 2017లో ప్రకటింపబడిన ఒక బ్రిటిష్ పరిశోధన ఇందుకు తార్కాణము. న్యూకాసిల్, గ్లాస్గో విశ్వవిద్యాలయముల ఆచార్యులు రాయ్ టేలర్, మైకేల్ లీన్ గార్లు దానిని నడపిరి. ఆరేండ్ల లోపున టైప్ 2 మధుమేహము వచ్చి, ఇన్సులిన్ అవసరము లేనివారిని ఎన్నుకొని, మూడు మొదలు ఐదు నెలలు దినమునకు సుమారు 850 క్యాలరీల పోషక ద్రవాహారమును మాత్రమే ఇచ్చిరి. పిమ్మట మామూలు భోజనమును క్రమక్రమముగా ప్రవేశపెట్టిరి. ఒక సంవత్సరమునకు నూటికి 46 మంది మందుల అవసరము లేకయే మధుమేహమునుండి ఉపశమనము పొందిరి; మామూలు చికిత్సలోనున్నవారిలో అట్టివారు నూటికి నలుగురే. రెండవ సంవత్సరాంతమున ఆ సంఖ్య 36కు దిగెను. ఇది చిన్న మేలు కాదు. కాని ఆ మేలునకు తోడుగా నుండిన కట్టుదిట్టములను గమనింపవలెను. చక్కెర మందులను, రక్తపోటు మందులను మొదటి దినముననే వైద్యులు ఆపివేసిరి. దాదులో, ఆహార నిపుణులో వారిని తరచుగా పరీక్షించుచుండిరి. ద్రవములో విటమినులు, లవణములు లెక్కప్రకారము చేర్చబడియుండెను. అదే పథ్యమును ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుచునే ఇంటిలో ఒంటరిగా ఆరంభించిన మనిషికి రక్తములో చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చును, ప్రాణాపాయమును కలుగవచ్చును.

తగ్గిన బరువు నిలుచునా అనునది మరియొక ప్రశ్న. 2014లో మెల్‌బోర్న్ నగర పరిశోధకులు 200 మందిని రెండు తెగలుగా విభజించి, కొందరిని 12 వారములలోను, కొందరిని 36 వారములలోను బరువు తగ్గునట్లు చేసిరి. మూడేండ్లపాటు గమనించినపుడు రెండు తెగలవారును తగ్గినదానిలో నూటికి 70 పాళ్ల వరకు తిరిగి పెరిగిరి. అనగా త్వరగా తగ్గినవారే మరల లావెక్కుదురనుట సరి కాదు. తగ్గిన పిమ్మట ఏమి చేయవలెనో నిర్ణయింపనివారందరును లావెక్కుదురు. దేహము తనకు కరవు వచ్చినదని భావించి ఖర్చును తగ్గించుకొనును. అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో సగటున 58 కిలోలు తగ్గిన 14 మందిని ఆరేండ్ల పిమ్మట పరీక్షించి 2016లో వివరములు ప్రకటించిరి. వారు సగటున 41 కిలోలు తిరిగి పెరిగియుండిరి; వారి దేహములు విశ్రాంతి సమయమున వ్యయించు శక్తి ఉండవలసినదానికన్న దినమునకు సుమారు 500 క్యాలరీలు తక్కువగనే యుండెను. ఇటీవల ప్రసిద్ధికెక్కిన సెమాగ్లుటైడ్ సూదిమందు విషయమును ఇట్టిదే. 2021లో వెలువడిన పరీక్షలో 68 వారములకు సగటున నూటికి 15 పాళ్ల బరువు తగ్గినది. మందు ఆపిన ఒక సంవత్సరమునకు తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినది. ఆ మందు వైద్యుడు వ్రాసి ఇచ్చి, కనిపెట్టుచుండవలసిన చికిత్స. పెండ్లి ముహూర్తమునకు ముందు నెల వాడి విడువదగిన అలంకారము కాదు.

శీఘ్ర పథ్యము వలన కలుగు మరికొన్ని కీడులను చెప్పవలసియున్నది. వారమునకు కిలోన్నరకు మించి తగ్గువారికి పిత్తాశయములో రాళ్లు ఏర్పడు ప్రమాదము హెచ్చును. తలవెంట్రుకలు రాలుట, మలబద్ధము, నీరసము, స్త్రీలకు ఋతుక్రమము తప్పుట సాధారణము. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు వయసు పిల్లలు, వృద్ధులు, మూత్రపిండముల జబ్బు కలవారు, ఇన్సులిన్ వాడువారు ఇట్టి పథ్యములను తమంతట తాము ఎన్నడును చేపట్టరాదు. ఏ మాత్ర వాడుచున్నపుడైనను కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురు రంగున వచ్చుట, గుండెదడ, స్పృహ తప్పుట కనబడినచో తక్షణమే ఆ మాత్ర మాని, డబ్బాను చేతబట్టుకొని ఆసుపత్రికి పోవలెను. డబ్బాను దాచుట సిగ్గును కాపాడవచ్చును గాని ప్రాణమును కాపాడదు.

మరి చేయవలసినదేమి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయమున స్పష్టమైన సలహా నిచ్చియున్నది. వారమునకు అరకిలో తగ్గుట క్షేమకరము. ఆహారము దినమునకు 1,000 క్యాలరీలకు దిగువకు పోరాదు. అందు సకల పోషకములును ఉండవలెను. అరకిలో తగ్గుటకు దినమునకు సుమారు 500 క్యాలరీలు తగ్గించవలెను. పది గ్రాముల చక్కెర కలిపిన టీ దినమునకు నాలుగుమారులు త్రాగువానికి ఆ చక్కెర వలననే 160 క్యాలరీలు చేరును. కూరలలో 20 గ్రాముల నూనె తగ్గించినచో 180 క్యాలరీలు మిగులును. 50 గ్రాముల బియ్యము తక్కువగా వండుకొన్నచో సుమారు 175 క్యాలరీలు మిగులును. ఈ మూడును కలిసి ఐదువందలు దాటును. దీనికి మాత్ర అక్కరలేదు, పైకమును అక్కరలేదు. తగ్గించిన అన్నమునకు బదులుగా ఆకుకూరలు, కాయగూరలు హెచ్చించవలెను. పప్పు, మజ్జిగ, గ్రుడ్డు, చేప మొదలగువానిలో ఇంటికి అలవాటైనవానిని మానరాదు. కండను కాపాడునవి అవియే. ప్రతిదినము నడకయు, బరువులెత్తు పనియు ఉండవలెను. కొన్ని నెలలకు తగ్గుదల మందగించును. అది దేహధర్మమే గాని ప్రయత్నలోపము కాదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము గ్రామమున చదువు నేర్పినది. ఆ చదువు కథలకును, పత్రికలకును మాత్రమే పరిమితము కారాదు. మందు డబ్బా మీది చిన్న అక్షరములను చదువుటకును ఉపయోగపడవలెను. ఎవరైన బరువు తగ్గించు పొడిని తెచ్చినపుడు నాలుగు ప్రశ్నలు వేయవలెను. ఇందులో ఏమేమి, ఎంతెంత కలదు? నేడు వాడుచున్న మందులతో ఇది పొసగునా? కనిపెట్టి చూచు వైద్యుడెవరు? ఇది ఆపిన మరునాటినుండి ఏమి తినవలెను? వీనికి సమాధానము చెప్పలేని పొడిని కొనకుండుటయే మేలు. చెప్పగలవారి యొద్దకు, అనగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని యొద్దకు, అధిక భారముచే బాధపడువారు సంకోచము లేక పోవలెను. పాఠకులు ఇంటివారికిని, ఇరుగుపొరుగువారికిని ఈ నాలుగు ప్రశ్నలను తెలియజేయుదురు గాక!